క్రొత్త ల్యాప్‌టాపులోని పిలువని చుట్టములు

క్రొత్త యింట అడుగుపెట్టునప్పుడు మనము ముందుగా చూచునది అది ఖాళీగా నున్నదా యని. గోడలకు సున్నము వేసి, గదులు కడిగి, తాళపుచెవులు మన చేతికిచ్చిన పిమ్మటనే పాలు పొంగించుకొందుము. ఆ యింటి వంటగదిలో ఎవరో అప్పుడే పొయ్యి రాజేసి కూర్చుండి, సావడిలో వేరొకరు తమ సరకుల దుకాణము తెరచి, వాకిట నిలిచిన మరియొకడు "అయ్యా, ఈ యింటికి కాపలా నేను, ముప్పది దినములు ఉచితము, ఆ తరువాత జీతమియ్యకున్న దొంగలు పడుదురు" అని బెదరించినచో మనమేమందుము? ఇల్లు అమ్మినవానిని నిలదీయకుందుమా? కాని యిదే వింత, వేలకు వేలు పోసి కొనిన క్రొత్త ల్యాప్‌టాపులో జరుగుచున్నను, అది సహజమే కాబోలునని మన మూరకుందుము.

పెట్టె విప్పి, మీట నొక్కి, పేరును పాస్‌వర్డును చెప్పిన కొద్ది నిమిషములకే తెరపైన మనము కోరని బొమ్మలు వరుసగా నిలుచును. ఒకటి ఆటల దుకాణము. ఒకటి గడువు పెట్టి యిచ్చిన యాంటీవైరస్. ఒకటి ఫోటోలు దాచుటకు అద్దెగది. ఇంకొకటి యెందులకో దానిని పెట్టినవారికే తెలియవలెను. వీనికి ఆంగ్లమున బ్లోట్‌వేర్ అని పేరు. ఉబ్బు కలిగించు సరకని దాని భావము.

నేటి ప్రసంగములో వీనిని గురించి మూడు సంగతులు చెప్పదలచితిని. ఇవి యెందుకు వచ్చినవి, వీనివలన కీడేమి, ఇల్లు కూలకుండ వీనిని సాగనంపు మార్గమేది. మూడవదియే ముఖ్యము. ఏలయనగా ఈ చుట్టములను ఉంచుకొని చెడినవారు కలరు. తొందరపడి గెంటివేయబోయి చెడినవారును కలరు.

మొదటి ప్రశ్నకు సమాధానము బజారులో నున్నది. ల్యాప్‌టాపులు తయారుచేయువారి మధ్య పోటీ తీవ్రము; ఒక్కొక్క యంత్రముపైన వారికి మిగులునది స్వల్పము. సాఫ్టువేరు కంపెనీలకో, తమ సరకు జనుల కంటి యెదుట నిలుచుటయే కావలెను. అందుచేత ఇవి వారికి సొమ్ము చెల్లించి, తమ ప్రోగ్రాములను ముందుగానే యంత్రములో నుంచుటకు ఒడంబడిక చేసికొనును. గడువు ముగిసినప్పుడు వందమందిలో కొందరైనను డబ్బు కట్టకపోరని వారి ఆశ. ఈ రాబడి వలన యంత్రము వెల కొంత తగ్గుననుట కూడ అబద్ధము కాదు. కాని ఆ బేరములో మనకు తెలియని రెండవ కొనుగోలుదారు ఒకడున్నాడు. యంత్రమును మనము కొంటిమి. మన చూపును అతడు కొనెను.

ఈ వ్యాపారము ఎంతదాక పోయినదో తెలుపు ఉదంతము ఒకటి కలదు. 2008 మార్చిలో అమెరికాలో సోనీ కంపెనీ తన వైయో ల్యాప్‌టాపులలో కొన్నింటిని ఈ అదనపు ప్రోగ్రాములు లేకుండ ఇచ్చుటకు 50 డాలర్లు అధికముగా అడిగినది. దానికి 'ఫ్రెష్ స్టార్ట్' అని అందమైన పేరు పెట్టినది. చెత్త వేసినందుకు ఒకరివద్ద, వేయనందుకు మరియొకరివద్ద సొమ్ము తీసికొందురా యని జనులు గేలిచేయగా, కంపెనీ ఆ రుసుమును వెంటనే ఎత్తివేసినది.

ఇక వీనివలన కీడేమి? సాధారణముగా కలుగు కీడు చిన్నదే. కొంత స్థలమును ఆక్రమించును. యంత్రమును తెరచినప్పుడెల్ల మనకంటె ముందు తామే లేచి కూర్చుండి, జ్ఞాపకశక్తిలో పాలు పంచుకొనును. తక్కువ వెలకు కొనిన యంత్రములో ఈ భారము బాగుగా తెలియును. అయినవారికి ఆకులలో, కానివారికి కంచములలో వడ్డించినట్లు, మన పనికి మందకొడితనమును, వారి పనికి చురుకుదనమును లభించును. దానికితోడు ఎఱ్ఱని అక్షరములతో హెచ్చరికలు. "మీ కంప్యూటరుకు రక్షణ లేదు" అను మాట చూచి హడలిపోయి, అక్కరలేని చందా కట్టిన వృద్ధులను నేనెరుగుదును. విండోస్‌లోనే డిఫెండర్ అను కాపలావాడు జీతము లేకుండ నున్నాడని వారికి చెప్పినవారు లేరు.

అప్పుడప్పుడు కీడు చిన్నది కాదు. అది యెంత పెద్దది కాగలదో లోకమునకు తెలిసినది 2015 ఫిబ్రవరిలో. లెనోవో కంపెనీ 2014 ద్వితీయార్ధములో అమ్మిన కొన్ని గృహోపయోగ ల్యాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను కంపెనీవారి ప్రకటనల ప్రోగ్రామును ఉంచినది. మనము ఒక కుర్చీ బొమ్మపై చూపుడుగుర్తు నిలిపినచో, అట్టి కుర్చీలే వేరొక అంగడిలో దొరకునని అది చూపును. వినుటకు ఉపకారమువలెనే యున్నది. కాని అది ఆ పనిని ఎట్లు చేసినదో చూడుడు.

మనము బ్యాంకు పుట తెరచినప్పుడు అడ్రసు ప్రక్క తాళము గుర్తు కనబడును. ఆ బ్యాంకునకును మనకును నడుమ జరుగు సంభాషణ మూడవవాడు వినకుండ సంకేతాక్షరములలో బంధింపబడినదని దాని అర్థము. ఎదుట నున్నది నిజముగా మన బ్యాంకే యని చెప్పు సాక్షిపత్రమునకు సర్టిఫికెట్ అని పేరు. అట్టి సాక్షిపత్రములను ఇచ్చుటకు ఎవరు నమ్మదగినవారో ఆ జాబితా మన యంత్రములోనే యుండును. ఈ సూపర్‌ఫిష్ ఆ నమ్మదగిన పెద్దల జాబితాలో తన పేరును తానే వ్రాసికొన్నది. అటుపైన ఏ తాళము వేసిన పుటకైనను తానే సాక్షిపత్రము వ్రాసి, నడుమ కూర్చుండి, వచ్చిపోవు ఉత్తరములను విప్పి, తన ప్రకటనలను చేర్చి, మరల అంటించి పంపసాగినది.

అంతటితో ఆగినను కొంత నయము. ఆ సాక్షిపత్రములు వ్రాయు రహస్యపు తాళపుచెవి లక్షలాది యంత్రములలో ఒక్కటియే! వీధిలోని యిండ్లన్నిటికిని ఒకే తాళపుచెవి చేయించి, ప్రతి గుమ్మమువద్దను ఒక నకలు వ్రేలాడదీసినట్లయినది. దానికి కాపుగా నుంచిన పాస్‌వర్డును రాబర్ట్ గ్రాహమ్ అను భద్రతా పరిశోధకుడు కొద్ది గంటలలోనే కనుగొనెను. ఆ ప్రోగ్రాములోని ఒక భాగమును తయారుచేసిన కంపెనీ పేరే ఆ పాస్‌వర్డు. ఆ తాళపుచెవి చేతబట్టినవాడు కాఫీ హోటలులోనో విమానాశ్రయములోనో అదే వైఫైపైన కూర్చుండి, పక్కవాని బ్యాంకు రహస్యములను చదువగలడు. 2015 ఫిబ్రవరి 20వ తేదీన అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా విభాగము దానిని తొలగించుకొనవలసినదిగా ప్రజలను హెచ్చరించినది.

ఇందులో మనము నేర్వవలసిన పాఠము యెంతయో విలువైనది. ఆ ప్రోగ్రామును మామూలు పద్ధతిలో తొలగించినవారు పీడ విరగడైనదని నిశ్చింతగా నిద్రించిరి. కాని ప్రోగ్రాము పోయినను, జాబితాలో అది వ్రాసికొనిన పేరు అట్లే నిలిచియుండెను. చింత చచ్చినను పులుపు చావలేదు. ఆ తరువాత లెనోవోయే తొలగింపు సాధనమును విడుదల చేసినది. మైక్రోసాఫ్ట్ కూడ తన డిఫెండర్ ద్వారా ప్రోగ్రామును, సర్టిఫికెట్‌ను రెండింటిని తీసివేయించినది. అదే సంవత్సరము నవంబరులో డెల్ కంపెనీ యంత్రములలో ఇట్టి సర్టిఫికెట్ మరియొకటి బయటపడినది. దానిని చేతితో తీసివేసినను, ప్రక్కనున్న మరియొక భాగము దానిని తెచ్చి యథాస్థానమున నిలుపుచుండెను. గరికను పైపైన కోసినచో ఏమగునో రైతు నడిగిన చెప్పును.

లెనోవో వ్యవహారము 2017 సెప్టెంబరులో ఒక కొలిక్కి వచ్చినది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోను, 32 రాష్ట్రములతోను జరిగిన ఒడంబడిక ప్రకారము ఆ కంపెనీ రాష్ట్రములకు 35 లక్షల డాలర్లు చెల్లించినది. ఇట్టి ప్రోగ్రామును ఇకపై ముందుగా ఉంచదలచినచో, యజమాని స్పష్టమైన అనుమతి పొందవలెనని కూడ నిర్ణయమైనది. యంత్రము వెలతోపాటు అనుమతి కూడ అమ్ముడుపోలేదని ఒక ప్రభుత్వము అంగీకరించుట చిన్న సంగతి కాదు.

ఇది విన్న పిమ్మట, "అయితే ఈ క్షణముననే అన్నింటిని ఊడ్చివేసెదము" అని మీలో కొందరికి తోచియుండును. అట్లు తోచినవారిలో మా మేనకోడలు ఒకతె. ఆమె కథ చెప్పెదను. ఆమె అనుమతి తీసికొనియే చెప్పుచున్నాను.

ఆమె ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ర్యాంకు తెచ్చుకొన్నది. తండ్రి వాయిదాలపైన క్రొత్త ల్యాప్‌టాపు కొనియిచ్చినాడు. కౌన్సిలింగునకు వెబ్ ఆప్షన్లు పెట్టుకొనుటకు మరునాడే తుది గడువు. యంత్రము మెల్లగా నడచుచున్నదని ఆ సాయంకాలము ఆమె శుభ్రము చేయుటకు పూనుకొన్నది. జాబితాలో పేరు తెలియనిదెల్ల పనికిరానిదని నిశ్చయించి, ఒకదాని వెంట ఒకటిగా తీసివేసినది. అది చాలక, ఎక్కడినుండియో ఉచితముగా దించుకొనిన శుభ్రపరచు ప్రోగ్రామును ఒకదానిని నడిపినది. రాత్రి తొమ్మిది గంటలకు నాకు ఫోను వచ్చినది. "మామయ్యా, అక్కర్లేనివన్నీ తీసేశానండీ. ఇప్పుడు వైఫై గుర్తే కనబడటం లేదు. మౌసు కూడా కదలటం లేదు. రేపే ఆఖరు రోజు."

ఆమె తీసివేసిన వానిలో వైఫై డ్రైవరు, టచ్‌ప్యాడ్ డ్రైవరు కూడ నుండినవి. డ్రైవరనగా యంత్రములోని ఒక భాగముతో విండోస్ మాటాడుటకు కావలసిన దుబాసి. దుబాసిని పంపివేసినచో ఇద్దరును మూగవారగుదురు. ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొన్నట్లయినది. తిరిగి తెచ్చుకొందమన్న ఇంటర్నెట్ లేదు. ఆమె ముందుగా వెనుకదారి ఏదియు ఏర్పరచుకొనలేదు. ఊరిలోని మరమ్మతు దుకాణమువారు యంత్రమును పూర్తిగా ఫార్మాట్ చేయవలెననియు, రెండు దినములు పట్టుననియు చెప్పిరి.

ఆ రాత్రి మేము చేసినది యింతే. ఆమె ఫోనును కేబులుతో ల్యాప్‌టాపునకు తగిలించి, ఫోనులోని సెట్టింగ్స్‌లో యు.ఎస్.బి. టెథరింగ్ అను మీటను వేయించితిని. ఫోనులోని ఇంటర్నెట్ తీగ వెంట యంత్రమునకు ప్రవహించినది. తీగ కలిగిన పాత మౌసు ఒకటి పొరుగింట దొరికినది. తయారీదారు వెబ్‌సైటులో ఆ యంత్రపు మోడలు సంఖ్య చెప్పి, రెండు డ్రైవర్లను దించుకొని, మరల ప్రతిష్ఠించితిమి. అప్పటికి రాత్రి పన్నెండున్నర. మరునాడు ఉదయము ఆమె ఆప్షన్లు పెట్టుకొన్నది, సీటు వచ్చినది. కాని ఆ మూడున్నర గంటలలో ఆ తండ్రి ముఖము నేను వీడియోలో చూచితిని. అందుచేతనే ఈ మాటలు చెప్పుచున్నాను.

ఇక మార్గమును వివరించెదను. మనలో అధికుల యిండ్లలో నున్నది విండోస్ 11 గనుక దానినే దృష్టిలో నుంచుకొందము.

మొదటి సూత్రము: పోవుటకు ముందు తిరిగివచ్చు దారిని ఏర్పరచుకొనుడు. దీనికి నాలుగు పనులు కలవు. ఒకటి, విండోస్ అప్‌డేట్‌ను పూర్తిగా నడిపింపుడు. యంత్రమునకు కావలసిన డ్రైవర్లు చాలవరకు దానితోనే వచ్చును. రెండు, కనీసము 32 గిగాబైట్ల ఖాళీ పెన్ డ్రైవును ఒకదానిని తెచ్చి, స్టార్ట్ మెనూలోని వెదకు పెట్టెలో 'రికవరీ డ్రైవ్' అను మాటను ఆంగ్లమున వ్రాసి, రికవరీ డ్రైవును సిద్ధము చేసికొనుడు. ఆ పెన్ డ్రైవులో అంతకు మునుపున్నదంతయు చెరగిపోవును గనుక పెండ్లి ఫోటోలున్నదానిని వాడకుడు. మూడు, సిస్టమ్ ప్రొటెక్షన్ అను చోట సి డ్రైవునకు రక్షణను మేల్కొలిపి, ఒక రిస్టోర్ పాయింటును నెలకొల్పుడు. అది చదువుచున్న పుటలో గుర్తు పెట్టుకొన్నట్లు. దారి తప్పినచో ఆ పుటకు మరలి రావచ్చును.

నాలుగవది చాలమంది యెరుగనిది. నేటి ల్యాప్‌టాపులలో పెక్కింట లోపలి డిస్కు తనంత తానే సంకేతబద్ధమై యుండును. దొంగ ఎత్తుకొనిపోయినను మన కాగితములను చదువజాలడు, ఇది మంచిదే. కాని యంత్రములోని మూలమైన అమరికలలో మార్పు జరిగినప్పుడు అది మననే అనుమానించి, 48 అంకెల రికవరీ కీ అడుగవచ్చును. అది లేనిచో మన కాగితములు మనకును దక్కవు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో యంత్రమును ప్రారంభించినవారికి ఆ కీ సాధారణముగా ఆ ఖాతాలో భద్రముగా నుండును. ఖాతాను తెరచి చూచి, ఆ అంకెలను కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజుల నడుమ దాచుకొనుడు. ల్యాప్‌టాపు సంచిలో మాత్రము దాచకుడు.

ఈ పనులన్నియు యంత్రము కొనిన మొదటి దినములలోనే చేయుట ఉత్తమము. అప్పటికి మన సొంత కాగితములు అందులో చేరియుండవు. ఏదైన తేడా వచ్చినచో దుకాణదారునికి తిరిగి ఇచ్చుటకును వ్యవధి యుండును.

రెండవ సూత్రము: ఎవరెవరో తెలిసికొనుడు. సెట్టింగ్స్ తెరచి, యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ అను చోటికి పోయినచో జాబితా అంతయు కనబడును. ఒక తెల్లకాగితము తీసికొని పేర్లను మూడు వరుసలలో వ్రాసికొనుడు.

మొదటి వరుస, పోవలసినవారు. కోరని ఆటలు, అంగళ్లు, వాడని వార్తల యాప్స్, గడువు పెట్టిన యాంటీవైరస్, గడువు పెట్టిన ఇతర ప్రోగ్రాములు. వీనిని తీసివేసినందువలన యంత్రమునకు ఏ లోటును రాదు. తరువాత కావలసివచ్చినచో మరల తెచ్చుకొనవచ్చును.

రెండవ వరుస, ఉండవలసినవారు. డ్రైవర్ అని గాని, చిప్‌సెట్, గ్రాఫిక్స్, ఆడియో, వైర్‌లెస్, బ్లూటూత్, టచ్‌ప్యాడ్ అని గాని పేరులో నున్న వానిని ముట్టకుడు. విజువల్ సి ప్లస్ ప్లస్ అని మొదలగు పేర్లతో నాలుగైదు కనబడును. అవి ఒకే మాదిరిగా నున్నవని భ్రమపడి తీసివేయకుడు. ఇతర ప్రోగ్రాములు నిలుచు పునాదిరాళ్లవి. కీబోర్డు పై వరుసలోని వెలుతురు, ధ్వని మీటలు పనిచేయుటకు తయారీదారు ఉంచిన చిన్న ప్రోగ్రాము కూడ ఈ వరుసలోనిదే.

మూడవ వరుస, అనుమానితులు. వీరిలో ముఖ్యుడు తయారీదారు సొంత అప్‌డేట్ ప్రోగ్రాము. ఇతడు యంత్రపు మూలములోని బయాస్‌కు మరమ్మతులు తెచ్చునట్టి ఉపకారి. కొన్ని వేళల తానే దొంగలకు దారి యిచ్చినవాడు. 2016లో డ్యుయో సెక్యూరిటీ అను సంస్థ పరిశోధకులు ఏసర్, ఆసుస్, డెల్, హెచ్.పి., లెనోవో కంపెనీల అప్‌డేట్ ప్రోగ్రాములను పరీక్షింపగా, అయిదింటిలోను గంభీరమైన లోపము ఒక్కటియైనను బయటపడినది. కావున అట్టిదానిని ఉంచుకొన్నచో ఎప్పటికప్పుడు క్రొత్త రూపమునకు తెచ్చుకొనుచుండవలెను. తీసివేసినచో, ఏడాదికి రెండు మూడు మారులైనను తయారీదారు వెబ్‌సైటునకు స్వయముగా పోయి బయాస్ సంగతి విచారించుకొనవలెను. రెంటిలో ఏ ఒక్కటియు చేయకుండుట మాత్రము తగదు.

తెలియని పేరు కనబడినచో దానిని తీసివేయుటకు మునుపు, ఆ పేరును ప్రచురించినవారి పేరుతో సహా ఇంటర్నెట్‌లో వెదకి చూడుడు. అప్పటికిని తెలియకున్న, తీసివేయకుండ నిద్రపుచ్చుడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందు స్టార్టప్ యాప్స్ అను చోట, యంత్రముతోపాటు లేచువారి జాబితా యుండును. అనుమానితుని పేరును ఎంచి డిజేబుల్ అనినచో అతడు ఇంటనే యుండును గాని తెల్లవారుజామున లేచి సందడి చేయడు. రెండు వారములలో ఏ లోటును కనబడకున్న అప్పుడు సాగనంపవచ్చును. లోటు కనబడినచో ఒక్క మీటతో మేల్కొలుపవచ్చును.

మూడవ సూత్రము: ఒక్కొక్కరినే పంపుడు. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో పేరునకు ప్రక్కన మూడు చుక్కలుండును. వానిని నొక్కి, అన్‌ఇన్‌స్టాల్ అనవలెను. ఒకదానిని తీసివేసి, యంత్రమును ఒకమారు మూసి తెరచి, వైఫై, ధ్వని, టచ్‌ప్యాడ్, కెమెరా పనిచేయుచున్నవో లేదో చూచుకొని, కాగితముపై ఆ పేరును కొట్టివేసి, తరువాతిదానికి పోవలెను. పది తీసివేసిన పిమ్మట ఇబ్బంది వచ్చినచో దోషి ఎవరో తెలియదు. ఒకటి తీసివేసినప్పుడు వచ్చినచో వెంటనే తెలియును. ఒక్క సాయంకాలములో ముగియవలసిన పని కాదిది. నాలుగు సాయంకాలములు పట్టినను నష్టము లేదు. పరీక్షకు, ప్రయాణమునకు, గడువునకు ముందునాడు మాత్రము ఈ పనికి పూనుకొనరాదు.

యాంటీవైరస్ విషయమున ఒక మాట. క్రొత్త యాంటీవైరస్ కొలువులో నున్నంతకాలము విండోస్ డిఫెండర్ పక్కకు తప్పుకొని యుండును. దానిని పంపివేసి యంత్రమును మూసి తెరచిన పిమ్మట, విండోస్ సెక్యూరిటీ అను చోట డిఫెండర్ మరల కాపలాకు వచ్చినదో లేదో కన్నులార చూచుకొనుడు. కొన్ని యాంటీవైరస్‌లు మామూలుగా తీసివేసినను వేళ్లను విడిచిపోవును. వానికి ఆయా కంపెనీలవారే ప్రత్యేకమైన తొలగింపు సాధనమును తమ వెబ్‌సైటులో ఉంచుదురు. సూపర్‌ఫిష్ నేర్పిన పాఠము ఇక్కడ జ్ఞాపకముంచుకొనదగినది.

చేయరాని పనులు కూడ చెప్పవలెను. ప్రోగ్రాము ఫోల్డరును వెదకిపట్టుకొని నేరుగా చెరిపివేయరాదు. అది చెట్టును నరికి వేళ్లను విడుచుట. రిజిస్ట్రీని శుభ్రము చేయుదుమను ప్రోగ్రాములను నమ్మరాదు. రిజిస్ట్రీ విండోస్‌కు జమాబందీ లెక్క వంటిది. అందలి పంక్తులను తెలియక కొట్టివేసినచో లెక్క యంతయు తారుమారగును. ఒక్క మారుగా అంతయు ఊడ్చివేయు స్క్రిప్టులు ఇంటర్నెట్‌లో విరివిగా దొరకును. వానిని నడుపుటకు యంత్రముపైన సర్వాధికారమును ఇయ్యవలెను. అందలి ప్రతి పంక్తిని చదివి అర్థము చేసికొనగలవారికి అవి పనిముట్లు. మిగిలినవారికి తెలియనివాని చేతికిచ్చిన ఇంటి తాళములు. ఫోను చేసి "మీ కంప్యూటరులో దోషమున్నది, మేము శుభ్రము చేసిపెట్టెదము" అనువాడు ఎవడైనను, ఏ పెద్ద కంపెనీ పేరు చెప్పినను, మోసగాడే. మాట పెంచక ఫోను పెట్టివేయుడు.

చివరకు, అంతయు తుడిచివేసి విండోస్‌ను క్రొత్తగా ప్రతిష్ఠించుకొను మార్గము ఒకటి కలదు. సెట్టింగ్స్‌లోని రీసెట్ వలన ఈ చుట్టములు పెక్కుమారులు తిరిగివచ్చును. తయారీదారు వారిని మూలములోనే కూర్చుండబెట్టియుండుట అందులకు కారణము. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటునుండి మీడియా క్రియేషన్ టూల్ అను సాధనమును దించుకొని, కనీసము 8 గిగాబైట్ల పెన్ డ్రైవుపైన శుద్ధమైన విండోస్‌ను సిద్ధము చేసికొని, దానితో ప్రతిష్ఠించినచో చాలవరకు ఖాళీ యిల్లు లభించును. మరల డబ్బు పెట్టి లైసెన్సు కొనవలెనేమోయని భయపడనక్కరలేదు. విండోస్‌తోపాటు అమ్మిన నేటి యంత్రములలో ఆ హక్కు యంత్రపు మూలములోనే నమోదై యుండును. హోమ్ కొనినవారు హోమ్‌నే, ప్రో కొనినవారు ప్రోనే ఎన్నుకొనినచో చాలును. కాని ముందుగా తయారీదారు వెబ్‌సైటునుండి వైఫై డ్రైవరును మరియొక పెన్ డ్రైవులో దించి యుంచుకొనవలెను. సొంత కాగితములకు నకలు తీసికొనవలెను. ఈ మార్గము అలవాటున్నవారికి తగినది. మిగిలినవారికి ఒక్కొక్కరిని సాగనంపు పద్ధతియే చాలును.

ఇంత శ్రమ యెందులకు, ఉన్నవేవో ఉండనిత్తమని మీరనవచ్చును. ఒక సంగతి ఆలోచింపుడు. నేడు మన ల్యాప్‌టాపు వట్టి వ్రాతబల్ల కాదు. పిల్లల చదువు అందులో నున్నది. బ్యాంకు పుస్తకము అందులో నున్నది. దూరదేశములోని కుమారుని ముఖమును చూచు కిటికీ అందులోనే యున్నది. అట్టి యింట ఎవరెవరున్నారో యజమానికి తెలియకుండుట తగునా? యూరపులోని చట్టము వలన 2024 మార్చి నాటికి అక్కడి ప్రజలకు విండోస్‌తో వచ్చు ఎడ్జ్ బ్రౌజరును సహితము తీసివేయు హక్కు లభించినది. హక్కులు చట్టములలో వచ్చినను, వానిని వాడుకొను తెలివి యిండ్లలో రావలెను.

కావున శ్రోతలారా, ఈ వారములో మీ యింటి ల్యాప్‌టాపును తెరచినప్పుడు, వెంటనే ఏదియు తీసివేయకుడు. మొదట ఒక తెల్లకాగితము తీసికొని, ఆ 48 అంకెలను వ్రాసి దాచుకొనుడు. రెండవ కాగితముపై ఇంటనున్న చుట్టముల పేర్లను వ్రాయుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్కరిని ఎవరని అడుగుడు. సగము పని అప్పుడే ముగిసినట్లు. తక్కిన సగమును తొందరలేని ఒక ఆదివారమున, రిస్టోర్ పాయింటును నెలకొల్పుకొనిన పిమ్మట, ఒక్కొక్కటిగా చేయుడు.